అబ్బాయికి ప్రకృతి పేరు కావాలా? లిస్టులు పక్కన పెట్టి వాననీ, చెట్టునీ, నెలనీ అడగండి

అబ్బాయి పుట్టాడు, బారసాలకి వారం కూడా లేదు, ఇంట్లో అందరి ఫోనుల్లోనూ తలా ఒక పేర్ల లిస్టు ఉంది, తీరా చూస్తే అన్నిట్లోనూ అవే పేర్లు. అమ్మాయిలకైతే వెన్నెల, మల్లిక, వర్ష, సంధ్య, తరంగిణి అంటూ ప్రకృతిలోంచి ఎన్ని కావాలంటే అన్ని వస్తాయి. అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి ఆకాశ్, సాగర్, కిరణ్, పవన్ అనుకుని ఆగిపోతాం. అబ్బాయిలకి పేర్లు లేక కాదు, మనం చూసే చోట లేవు, అంతే. నా మాట వింటే ముందు లిస్టు మూసేయండి. బాబు పుట్టిన నెల, ఆ రోజు కాసిన ఎండో కురిసిన వానో, మీ ఊరి ఏరు, మీ ఇంటి ముందున్న చెట్టు, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. వీటిలో ఒక్కోదానికి మన భాషలో పది పాత పేర్లుంటాయి, వాటిలో ఒకటి మీ వాడిది.

మన తాతలు చేసిందీ ఇదే. సింహాద్రి, శేషాద్రి, వెంకటాద్రి, కొండలరావు, కొండయ్య... ఇవన్నీ కొండల పేర్లే కదా, అదీ వాళ్లు మొక్కిన కొండలు. అద్రి అంటే కొండ. ఇవి పాతకాలం పేర్లని పక్కన పెట్టేస్తున్నాం గానీ, వేదాద్రి అని ఒక్కసారి పైకి అని చూడండి, ఈ రోజుల్లో కూడా ఎంత హాయిగా ఉందో. నదుల విషయంలో మాత్రం చిక్కుంది, మనకి నదులన్నీ ఆడపిల్లలే. అయినా దారులున్నాయి. కృష్ణ అనే పేరు నదికీ అబ్బాయికీ ఒకటే, గౌతమి ఒడ్డువాళ్లకి గౌతమ్ ఉన్నాడు, నెల్లూరు వైపు వాళ్లయితే పెన్నకి పినాకిని అని పేరుంది కాబట్టి పినాక్ అని పెట్టుకోవచ్చు. పినాకం అంటే శివుడి విల్లు, ఇంట్లో పెద్దవాళ్లకీ నచ్చుతుంది.

నెల సంగతికొస్తే శ్రావణ్, కార్తీక్ అందరికీ తెలిసినవే. తెలియనిదేంటంటే చైత్రం, వైశాఖం లాంటి పేర్లు కాక నెలలకి వేదకాలం నాటి పేర్లు వేరే ఉన్నాయి. చైత్ర వైశాఖాలు మధు, మాధవ. జ్యేష్ఠ ఆషాఢాలు శుక్ర, శుచి. శ్రావణ భాద్రపదాలు నభస్, నభస్య. ఆశ్వయుజ కార్తికాలు ఇష, ఊర్జ. మార్గశిర పుష్యాలు సహస్, సహస్య. మాఘ ఫాల్గుణాలు తపస్, తపస్య. అంటే మాధవ్ అనేది దేవుడి పేరే కాదు, వసంతంలో ఒక నెల కూడా. శ్రావణ మాసంలో, బయట ముసురు పట్టినప్పుడు పుట్టిన పిల్లవాడికి నభస్ అని పెడితే ఆ మాటలో ఆకాశమూ ఉంది, నెలా ఉంది. కార్తికంలో పుట్టినవాడికి ఊర్జ అంటే బలం అనే అర్థం కూడా కలిసొస్తుంది. ఋతువుల్లో వసంత్, హేమంత్, శరత్ పాతబడ్డాయి, శిశిర్ ఇంకా అరుదే. ఆకులు రాలే కాలం కదా అని ఎవరైనా అభ్యంతరం చెబితే, చిగురుకి ముందు వచ్చేది అదే కదా అని చెప్పొచ్చు.

ఇక నీళ్లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఒక్క కిటుకు తెలిస్తే పేర్లు మీరే తయారు చేసుకోవచ్చు. సంస్కృతంలో నీటికి నీరం, వారి, అంబు, జలం, తోయం, పయస్ అని బోలెడు మాటలున్నాయి. వాటి చివర 'జ' చేరిస్తే నీటిలో పుట్టింది, అంటే తామర. 'ద' చేరిస్తే నీళ్లిచ్చేది, అంటే మేఘం. 'ధి' చేరిస్తే నీటిని దాచుకున్నది, అంటే సముద్రం. నీరజ, నీరద, నీరధి. వారిజ, వారిద, వారిధి. పయోజ, పయోద, పయోధి. నీరజ్ అనే పేరు మనకి కొత్త కాదు, కానీ నీరద్ అని ఎంతమందిని విన్నారు? ఒక్క అక్షరం తేడాతో తామర కాస్తా మబ్బయింది. మా చెల్లెలికి ఇది చెప్పినప్పుడు అరగంటలో ఇరవై పేర్లు రాసింది, వాటిలో సగం మేము అంతకుముందు ఎక్కడా విననివి. మబ్బుకే ఇంకా జీమూత, ధారాధర అనే పేర్లున్నాయి, మంచుకి తుషారం, నీహారం. నీహార్ అని రాసేటప్పుడు 'నీ' దీర్ఘమే, చాలామంది 'నిహార్' అని పొట్టి చేసేస్తున్నారు.

చెట్లు మనం అస్సలు ముట్టుకోని గని. మోదుగకి కింశుకం, పలాశం అని పేర్లు. ఫాల్గుణంలో అడవి అంతా ఎర్రగా పూస్తుంది, ఆ పూలతోనే హోలీకి రంగు కాచేవాళ్లు, ఆ రోజుల్లో పుట్టినవాడికి కింశుక్ ఎంత అందమైన పేరో. పలాశ్ కూడా బాగుంటుంది గానీ ఆ మాటకి మాంసం తినేవాడు, రాక్షసుడు అనే అర్థం కూడా ఉంది, తెలిసిన పెద్దవాళ్లు ఆ మాట అంటారు, ముందే తెలుసుకుని నిర్ణయించుకోండి. పొగడ చెట్టు వకుళం, కడిమి చెట్టు కదంబం, రావి చెట్టు అశ్వత్థం. ఏటి ఒడ్డున తెల్లటి మానుతో నిలబడే మద్ది చెట్టే అర్జునం. ఆ చెట్టుకే అమరకోశంలో, అంటే సంస్కృత పర్యాయపదాల పాత నిఘంటువులో, వీరతరు, ఇంద్రద్రు, కకుభ అని కూడా ఉన్నాయి. వీరతరు! అర్జున్ అని క్లాసులో ముగ్గురుంటారు, వీరతరు ఒక్కడే ఉంటాడు.

అమరకోశం అన్నాను కదా, తెలుగు తాత్పర్యంతో పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది. పాఠ్యపుస్తకంలా మొత్తం చదవాల్సిన పని లేదు. వ్యోమవర్గంలో ఆకాశం, వారివర్గంలో నీళ్లు, శైలవర్గంలో కొండలు, వనౌషధివర్గంలో చెట్లు, సింహాదివర్గంలో జంతువులూ పక్షులూ. మీ కాగితం మీద రాసుకున్న వస్తువు ఏ వర్గంలో వస్తుందో ఆ నాలుగు పేజీలు చూస్తే చాలు.

పేరు నచ్చగానే బంధువులకి చెప్పేయకండి, ముందు అర్థం నిఘంటువులో చూడండి. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా చెల్లెలి కొడుక్కి ఆరవ్ దాదాపు ఖాయం చేసేశాం, లిస్టులో 'ప్రశాంతమైనవాడు' అని ఉంది. శబ్దరత్నాకరం నిఘంటువు తీస్తే ఆరవము అంటే ధ్వని, అరుపు. చెడ్డ అర్థమేం కాదు, కానీ మేము కోరుకున్నదానికి పూర్తిగా ఎదురు. ఇంట్లో నిఘంటువు లేకపోతే ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. అక్కడ ఎక్కడా కనిపించని మాటకి లిస్టులో 'సూర్యుడి మొదటి కిరణం' అని రాసి ఉంటే నేనైతే నమ్మను. స్పెల్లింగ్ కూడా అక్కడే సరిచూసుకోండి. నక్షత్రం పేరు ధ్రువ, కింద రావత్తు, పక్కన ఉకారం. చాలా సర్టిఫికెట్లలో ధృవ అని పడిపోయి జీవితాంతం అలాగే ఉండిపోతోంది.

అర్థం బాగున్నా చెవికి బాగుండని పేర్లుంటాయి. ముదిర అంటే మబ్బే, కానీ ముదిర్ అని పిలిస్తే తెలుగువాళ్లకి ముదిరిన బెండకాయ గుర్తొస్తుంది. విటపి అంటే చెట్టు, వినేవాళ్లకి మాత్రం విటుడు వినిపిస్తాడు. కుజం అన్నా చెట్టే, పెళ్లి సంబంధాలప్పుడు కుజదోషం తప్ప ఇంకేమీ తట్టదు. పక్క భాషలు కూడా చూసుకోవాలి. మామిడికి సంస్కృతంలో చూతం అని మంచి పేరుంది, హిందీలో మాత్రం అది బూతుమాటకి మరీ దగ్గర, హైదరాబాదులో పెరిగే పిల్లాడికి వద్దు. విదేశాల్లో ఉండేవాళ్లు ఇంగ్లిష్ చెవితో కూడా వినాలి, ఫణి లాంటి మంచి పేరు అక్కడ 'ఫన్నీ' అయిపోయి పిల్లవాడు బడిలో బాధపడతాడు. ణ, ళ, ఋ ఉన్న పేర్లు అక్కడివాళ్ల నోరు తిరగవు, అయినా పెట్టకూడదని నేను అనను, పిల్లవాడు ఓపిగ్గా పలికి నేర్పించాల్సి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. నీరద్, మిహిర్, నభస్ లాంటివి ఎక్కడైనా పలుకుతారు.

మన తెలుగులో ఇంకో చిక్కు ఉంది. కృష్ణ, శివ లాంటివి పక్కన పెడితే, 'అ'తో ముగిసే పేరు వినగానే మనకి ఆడపిల్ల పేరే అనిపిస్తుంది. వకుళ అనగానే శ్రీనివాసుడి వకుళమాత గుర్తొస్తుంది. అందుకే చివర పొల్లు పెట్టి వకుళ్, కదంబ్ అంటున్నాం. పెట్టుకోండి, తప్పేం లేదు, కానీ మీ నాయనమ్మ చేత నాలుగుసార్లు గట్టిగా పిలిపించి చూడండి. పొల్లు మన నోట నిలవదు, ఆవిడ దాన్ని 'కదంబు' చేస్తుంది, ఆ పిలుపు కూడా మీకు నచ్చితేనే ఖాయం చేయండి. ఇంటిపేరు కలిపి కూడా పలకండి, మన ఇంటిపేర్లలోనే రావి, మర్రి, మద్ది, చింతల, వేముల అని చెట్లు బోలెడు. రావి అశ్వత్థ్ అంటే ఒకే చెట్టుని రెండుసార్లు పిలిచినట్టు. అలాంటి ఇంటిపేరున్నవాళ్లు ఆకాశంలోకో నీళ్లలోకో వెళ్తే పేరు నిండుగా ఉంటుంది.

అచ్చ తెలుగు మాటలు నాకు ప్రాణం. నెలరేడు, రేరాజు అంటే చంద్రుడే. బడిలో పిలవడానికి పొడుగు అనిపిస్తే రెండో పేరుగా పెట్టండి, లేదా ఇంట్లో ముద్దుగా పిలుచుకోండి.

నక్షత్రం అక్షరం పట్టింపు ఉన్నవాళ్లు టెన్షన్ పడకండి, ఇదే దారిలో దొరుకుతాయి. అనూరాధకి నా, నీ, నూ, నే కాబట్టి నీరద్, నీహార్, నీరధి. రోహిణికి ఓ, వా, వీ, వూ కాబట్టి వారిద్, వారిధి, వీరతరు. ఉత్తరాషాఢ నాలుగో పాదానికి జీ, అక్కడ జీమూత్. పూర్వాషాఢ రెండో పాదానికి ధా, అక్కడ ధారాధర్. ఆరుద్రకి ఙ, హస్తకి ణ లాంటివి వస్తే మాత్రం ఆ అక్షరంతో పేరు సృష్టించాలని చూడకండి, జన్మనామం ఒకటి చెవిలో చెప్పి, వ్యవహారంలో వేరే పేరు పెట్టుకునే పద్ధతి మనకి ఉంది, మీ పురోహితుణ్ణి అడగండి.

తొందరపడాల్సిన అవసరం కూడా లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోగా నమోదు కావాల్సింది జననం, పేరు లేకుండా కూడా నమోదు చేయించవచ్చు. నమోదైన 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఫీజు ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించవచ్చు. అయితే 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు తీసుకోవాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం, కాబట్టి అందులో తెలుగు అక్షరాలూ ఇంగ్లిష్ అక్షరాలూ రెండూ ఒకటికి రెండుసార్లు చదివి చూసుకున్నాకే సరే అనండి. న్యూమరాలజీ ప్రకారం సంఖ్య కలవాలని ఇంగ్లిష్‌లో అదనపు అక్షరాలు ఇరికించకండి, ప్రతి ఆఫీసులోనూ ఆ పిల్లవాడు దాన్ని విడమరిచి చెప్పుకోవాల్సి వస్తుంది.

బారసాల ముందు రోజు రాత్రి ఆ పేరుని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, వత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుని రాసి పెట్టుకోండి. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసేది నాన్నే, చుట్టూ ఇరవై మంది నిలబడి చూస్తుంటే అశ్వత్థ్‌లో థ వత్తు ఎటు తిరుగుతుందో ఎవరికైనా మర్చిపోవడం సహజం. అర్థమేంటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు కిటికీలోంచి ఆ చెట్టునో ఆ మబ్బునో చూపించండి.