డ్రై డాక్‌లోకి నీళ్లు వదిలే ముందు చెక్ వాల్వుల జాగ్రత్తలు

చెక్ వాల్వు నీళ్లను ఒక్క వైపుకే పోనిస్తుంది. ఓడ అడుగున చేరే నీళ్లు తోడే బిల్జి లైనులో, వాల్వు మీది బాణం గుర్తు ముందు చూడండి. తిరగేసి బిగిస్తే పంపు నీళ్లు లాగదు. సరిగ్గా మూసుకోకపోతే సముద్రపు నీళ్లు వెనక్కి తన్ని హోల్డు (సరుకు గది) నిండుతుంది.

నిలువు పైపులో స్వింగ్ రకం (రేకు తలుపులా ఊగేది) పెడితే ప్రవాహం కింది నుంచి పైకే ఉండాలి, లేదంటే రేకు తెరుచుకునే వేలాడుతుంది.

నూనె కలిసే బిల్జికి ఈపీడీఎం రకం రబ్బరు సీటు (రేకు ఆనుకుని మూసుకునే చోటు) వద్దు, ఉబ్బుతుంది. నైట్రైల్ రబ్బరు అడగండి. స్టోరులో రెండూ నల్లగానే ఉంటాయి మరి!

టెస్టు నీళ్లతోనే, ఔట్‌లెట్ వైపు నుంచి, గాలంతా వదిలేశాక చేయండి. పని ప్రెషర్‌కు 1.1 రెట్లు ఒక్కటే చాలదు. ఎక్కువ ప్రెషర్ రేకును సీటుకు అదిమేసి లీకును దాచేస్తుంది. 0.2 బార్ దగ్గర కూడా ఇన్‌లెట్ వైపు చుక్క పడుతుందేమో చూడండి.

కారిందా? ముందు సీటు తుడవండి, వెల్డింగ్ తునక ఇరుక్కుని ఉండొచ్చు.