ఇంటి నుంచి బావి దాకా సిమ్ లేకుండా సమాచారం: లోరా రేడియో మాడ్యూల్ బిగించడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి ఇల్లు ఒకచోట, బావి ఒకటి రెండు కిలోమీటర్ల అవతల. ట్యాంకులో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, మోటరు నడుస్తోందా ఆగిపోయిందా తెలుసుకోవాలంటే బండి తీయాల్సిందే. సిమ్ కార్డుతో పనిచేసే పరికరాలు ఉన్నాయి గానీ వాటికి రీచార్జి చేస్తూ ఉండాలి, గుట్ట చాటున ఉన్న పొలంలో సిగ్నలూ సరిగా అందదు. ఇలాంటి చోటికి లోరా అనే రేడియో పద్ధతి బాగా సరిపోతుంది. చిన్న సమాచారాన్ని, తక్కువ కరెంటుతో, చాలా దూరం పంపుతుంది. ఫొటోలు, మాటలు దీనితో కుదరవు. నీటి మట్టం, నేల తేమ, బ్యాటరీ వోల్టేజీ లాంటి నాలుగు అంకెలు పంపడానికే ఇది.

ఉదాహరణకు ఈబైట్ కంపెనీ ఈ32-868టీ20డీ మాడ్యూల్ తీసుకుందాం. లోపల సెమ్‌టెక్ ఎస్‌ఎక్స్1276 చిప్ ఉంటుంది. మామూలు సీరియల్ పోర్టుతో మాట్లాడుతుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు తేలిక. ఇంటికి ఒకటి, బావికి ఒకటి, రెండు కావాలి.

కొనేముందు: ఫ్రీక్వెన్సీ చూసుకోండి

మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్‌ను, బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్‌ను మించకూడదు. మనం తీసుకున్న మాడ్యూల్ పవర్ 100 మిల్లీవాట్లే. ఆన్‌లైన్‌లో 433, 868, 915 అని పక్కపక్కనే కనిపిస్తాయి, ధర కూడా దాదాపు ఒకటే, అందుకే పొరపాటు జరుగుతుంది. 915 రకం అమెరికా బ్యాండ్ కోసం చేసింది. మన దగ్గర 890 నుంచి 915 వరకు మొబైల్ ఫోన్లకు కేటాయించిన భాగం, అందులో వేలు పెట్టకూడదు. 868 అని రాసి ఉన్నదే కొనండి. అది 862 నుంచి 893 వరకు ఎక్కడైనా పనిచేస్తుంది, మనం 866కి మార్చుకుంటాం. లైసెన్సు అక్కర్లేకపోయినా పరికరానికి డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) వారి ఈటీఏ, అంటే పరికరం రకానికి ఇచ్చే ఆమోదం, ఉండాలి. ఉందో లేదో అమ్మేవాళ్లను అడగండి.

యాంటెన్నా విషయంలో ఇంకో చిక్కు ఉంది. మాడ్యూల్ మీద ఉండేది ఎస్‌ఎంఏ కనెక్టర్. పాత వైఫై రూటర్ యాంటెన్నా దానికి మర బాగానే పడుతుంది, కానీ చాలా రూటర్ యాంటెన్నాల మధ్యలో పిన్ను ఉండదు, రంధ్రం ఉంటుంది. చూడటానికి గట్టిగా బిగినట్టే ఉంటుంది, లోపల కనెక్షనే ఉండదు. పైగా అది 2.4 గిగాహెర్ట్జ్ కోసం చేసింది. మధ్యలో పిన్ను ఉన్న 868 యాంటెన్నానే తీసుకోండి.

టేబుల్ మీద సెట్టింగులు

సామాను నేరుగా పొలానికి తీసుకెళ్లొద్దు. రెండు మాడ్యూళ్లూ ఇంట్లో టేబుల్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడాకే బయటికి తీయాలి. ఎండలో గట్టు మీద కూర్చుని తప్పు వైరింగ్‌లో ఉందో, సెట్టింగులో ఉందో, దూరంలో ఉందో వెతకడం చాలా కష్టం.

ముందు యాంటెన్నా బిగించండి, ఆ తర్వాతే కరెంటు. యాంటెన్నా లేకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే పవర్ వెనక్కి తన్ని మాడ్యూల్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

కంప్యూటర్‌కు కలపడానికి యూఎస్‌బీ టీటీఎల్ అడాప్టర్ (యూఎస్‌బీని సీరియల్ పిన్నులుగా మార్చే చిన్న బోర్డు) కావాలి. దాని లాజిక్ వోల్టేజీ 3.3కి పెట్టండి. మాడ్యూల్ వీసీసీకి (కరెంటు తీసుకునే పిన్ను) మాత్రం అడాప్టర్ 5 వోల్టుల పిన్ను నుంచి ఇవ్వండి, ఎందుకంటే పంపేటప్పుడు ఇది 100 మిల్లీఆంపియర్లకు పైగా లాగుతుంది, చాలా అడాప్టర్లలో 3.3 వోల్టుల పిన్ను అంత ఇవ్వలేదు. గ్రౌండ్‌కు గ్రౌండ్ కలపండి. అడాప్టర్ టీఎక్స్‌డీ మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌డీకి, ఆర్‌ఎక్స్‌డీ టీఎక్స్‌డీకి, అడ్డంగా మార్చి కలపాలి (టీఎక్స్ అంటే పంపేది, ఆర్‌ఎక్స్ అంటే అందుకునేది). ఎం0, ఎం1 అనే రెండు పిన్నులూ 3.3 వోల్టులకు కలిపితే మాడ్యూల్ సెట్టింగ్ మోడ్‌లోకి వెళ్తుంది. రెండూ గ్రౌండ్‌కు కలిపితే మామూలుగా పనిచేస్తుంది.

హెక్స్ సంఖ్యలు (0 నుంచి 9 అంకెలు, ఎ నుంచి ఎఫ్ అక్షరాలతో రాసేవి) పంపగలిగే ఏదైనా టెర్మినల్ సాఫ్ట్‌వేర్ తెరిచి, సీరియల్ వేగం 9600 బాడ్, ఫార్మాట్ 8ఎన్1 పెట్టండి. ముందుగా సి1 సి1 సి1 పంపండి. (ఇక్కడ సి, ఎ అని రాసినవి కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలే.) మాడ్యూల్ ఆరు బైట్లలో తన ప్రస్తుత సెట్టింగులు చెబుతుంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు సాధారణంగా సి0 00 00 1ఎ 06 44 అని ఉంటాయి. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ జవాబూ రాకపోతే టీఎక్స్, ఆర్‌ఎక్స్ వైర్లు మార్చి చూడండి.

ఇప్పుడు రెండు మాడ్యూళ్లకూ ఇది పంపండి:

సి0 12 34 18 04 44

మొదటి సి0 అంటే కరెంటు పోయినా సెట్టింగు గుర్తుంచుకోమని. అక్కడ సి2 రాస్తే కరెంటు పోగానే మర్చిపోతుంది. 12 34 అడ్రసు. మీకు నచ్చిన సంఖ్య పెట్టుకోండి, కానీ సున్నాలు మాత్రం అలాగే వదిలేయొద్దు, ఎందుకంటే పక్క పొలం వాళ్లు కూడా ఫ్యాక్టరీ సెట్టింగులతోనే పెట్టుకుని ఉండొచ్చు. 18 అంటే సీరియల్ వేగం 9600, గాలిలో వేగం (రేడియో మీద సమాచారం వెళ్లే వేగం) 0.3 కేబీపీఎస్, అంటే సెకనుకు దాదాపు 300 బిట్లు. 04 ఛానెల్: 862కి 4 కలిపితే 866 మెగాహెర్ట్జ్. చివరి 44 పూర్తి పవర్.

గాలిలో వేగం దగ్గర కాస్త ఆగాలి. ఫ్యాక్టరీ వేగం 2.4 కేబీపీఎస్. ఎక్కువ వేగం ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ లోరాలో లెక్క వేరు. వేగం తగ్గేకొద్దీ రిసీవర్ మరింత బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టుకుంటుంది. 0.3 దగ్గర 20 అక్షరాలు వెళ్లడానికి సెకనుకు పైగా పడుతుంది. ట్యాంకు నీటి మట్టం పావుగంటకోసారి తెలిస్తే చాలు కదా, ఆ సెకను మనకు లెక్క కాదు. రెండు వైపులా అడ్రసు, ఛానెల్, గాలిలో వేగం అచ్చంగా ఒకటే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా ఏమీ అందదు, ఎందుకు అందలేదో కూడా చెప్పదు.

టేబుల్ మీద పరీక్షకు మాత్రం చివరి 44 బదులు 47 పెట్టండి, పవర్ తగ్గుతుంది. పక్కపక్కనే పెట్టి పూర్తి పవర్‌తో పంపితే రిసీవర్ తట్టుకోలేక సందేశాలు చెడిపోవచ్చు. ఎం0, ఎం1 గ్రౌండ్‌కు మార్చి, ఒకదాంట్లో టైప్ చేస్తే రెండోదాంట్లో కనిపించాలి. కనిపిస్తే మళ్లీ 44కి మార్చేయండి.

బావి దగ్గర కంప్యూటర్ ఉండదు కాబట్టి అక్కడ ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న బోర్డు, ఈఎస్‌పీ32 లాంటిది, పెట్టుకోవచ్చు. అది 3.3 వోల్టుల బోర్డే కాబట్టి వైర్లు నేరుగా కలపొచ్చు. ఆర్డుయినో ఊనో అయితే 5 వోల్టులది, మధ్యలో లెవల్ కన్వర్టర్ (5 వోల్టుల సిగ్నల్‌ను 3.3కి మార్చేది) తప్పనిసరి. ఏయూఎక్స్ పిన్ను (మాడ్యూల్ ఖాళీగా ఉందో లేదో చెప్పేది) హైలో, అంటే మాడ్యూల్ ఖాళీగా, ఉన్నప్పుడే కొత్త సందేశం పంపేలా ప్రోగ్రామ్ రాయండి. ప్రతి సందేశానికి వరుస నంబరు వేయండి, మొత్తం 58 బైట్లు దాటనివ్వకండి.

పొలంలో: ఎత్తే ప్రాణం

దూరం అందకపోతే ఎక్కువ పవర్ ఉన్న మాడ్యూల్ కొందామని చాలామంది అనుకుంటారు. నా సలహా, ఆ డబ్బు యాంటెన్నాను ఎత్తులో నిలబెట్టే పైపు మీద పెట్టండి. రేడియో తరంగం దారంలా సన్నగా వెళ్లదు, మధ్యలో ఉబ్బుతుంది. 2 కిలోమీటర్ల దూరానికి 866 దగ్గర ఆ ఉబ్బు సరిగ్గా సగం దారిలో 13 మీటర్ల వ్యాసార్థం ఉంటుంది. అందులో కనీసం 60 శాతం, అంటే 8 మీటర్ల వరకు, అడ్డం లేకుండా చూసుకోవాలి. ఇంటి వైపు డాబా మీద పైపు వేసి 10 మీటర్ల ఎత్తు, బావి వైపు 6 మీటర్లు చేస్తే చదును నేల మీద ఆ లెక్క కుదురుతుంది. దారిలో ఉన్న చింతచెట్టు ఎత్తు దీనికి అదనం.

మన ప్రాంతంలో నేల ఎప్పుడూ ఒకలా ఉండదు. మే నెలలో పొలాలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు పెడితే సిగ్నల్ అద్భుతంగా అందుతుంది. వానాకాలంలో మక్క మనిషి తల దాటాక, తుమ్మలు చిగురించాక అదే లింకు బలహీనపడుతుంది, తడి ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. ములుగు, నర్సంపేట వైపు చెట్ల మధ్య పొలాలున్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. ఎండాకాలంలో అంచుల మీద అందుతున్న లింకును నమ్మొద్దు. గట్టి నల్లరాతి గుట్ట అడ్డం ఉంటే ఏ సెట్టింగూ దాన్ని దాటించలేదు. గుట్ట పక్క నుంచి కనిపించే ఇంకెవరి డాబా మీదైనా మూడో మాడ్యూల్, చిన్న బోర్డు పెట్టి, అందిన సందేశాన్ని తిరిగి పంపించుకోవాలి.

పరీక్షించడానికి ఇంటి వైపు మాడ్యూల్‌ను ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో కలిపి ఒకరు చూస్తూ ఉండాలి. బావి దగ్గర మరొకరు పైపు పట్టుకుని నంబర్లు వేసిన సందేశాలు పంపాలి. వందలో ఎన్ని తప్పాయో నంబర్లే చెబుతాయి. ఎక్కువ తప్పితే పైపు పెంచండి, లేదా నాలుగడుగులు పక్కకు జరపండి. రెండు యాంటెన్నాలూ నిటారుగానే ఉండాలి, ఒకటి నిలువు ఒకటి అడ్డం ఉంటే సిగ్నల్ బాగా పడిపోతుంది.

పైపు మీద యాంటెన్నా పెట్టి, కింద డబ్బాలో మాడ్యూల్ పెట్టి, మధ్యలో సన్నటి ఆర్‌జీ58 కేబుల్ వేయకండి. ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ కేబుల్ 10 మీటర్లలోనే పవర్‌లో సగానికి పైగా తినేస్తుంది. మాడ్యూల్, బోర్డు రెండూ ఉన్న నీళ్లు చొరని ప్లాస్టిక్ డబ్బానే పైకి ఎక్కించి, కరెంటు వైర్లు మాత్రం కిందికి దింపండి. వైర్లను పైపు లోపలి నుంచే లాగండి, బయట వేలాడితే కోతులు పీకేస్తాయి. సోలార్ ప్యానెల్‌ను డబ్బాకు నీడ పడేలా బిగిస్తే ఎండాకాలంలో బ్యాటరీ ఎక్కువకాలం బతుకుతుంది. పైపుకు ఎర్తింగ్ తప్పకుండా చేయించండి.

అన్నిటికంటే ముఖ్యం, మన పొలాల మీదుగా 11 కేవీ తీగలు పోతుంటాయి. పైపు ఎటు పడినా ఆ తీగకు తగలనంత దూరంలోనే నిలబెట్టండి. లేపేటప్పుడు కనీసం ఇద్దరుండాలి, గాలివాన రోజు అసలు ముట్టుకోవద్దు.

లింకు బాగా కుదిరాక మోటరును కూడా ఇంటి నుంచే ఆన్ చేయాలనిపిస్తుంది. ముందు ఒక సీజను నీటి మట్టం మాత్రమే చూడండి. మోటరు దాకా వెళ్తే, ఆన్ ఆర్డరు అందాక అటువైపు నుంచి అందిందన్న జవాబు రావాలి. కొంతసేపు ఇంటి వైపు నుంచి ఏ సందేశమూ రాకపోతే మోటరు దానంతటదే ఆగేలా ప్రోగ్రామ్ ఉండాలి. అదే అడ్రసు, ఛానెల్ పెట్టుకున్న వేరే మాడ్యూల్‌కు మీ సందేశం వినిపిస్తుంది కాబట్టి ఆర్డరులో మీకు మాత్రమే తెలిసిన, ప్రతిసారీ మారే కోడ్ చేర్చండి. స్టార్టర్ డబ్బాలో రిలే కలపడం మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, అక్కడ ఉన్నది త్రీఫేజ్ కరెంటు.