బొమ్మకార్లు వరస పెట్టే బిడ్డతో ఆడటం ఎలా

బెంగళూరులో ఆటిజం ఉన్న బిడ్డను థెరపీకి తీసుకెళ్లాలంటే ముప్పావు గంట సెషన్ కోసం ట్రాఫిక్‌లో అంతకు రెట్టింపు సమయం పోతుంది. వారంలో మిగతా వేళంతా బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. అందుకే ఆటిజం ఉన్న చిన్న పిల్లల విషయంలో అమ్మానాన్నలు ఇంట్లో ఆడించే ఆటకు చాలా విలువ ఉంది. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన ఒక అధ్యయనంలో సాధారణ ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు ఇలాంటి పద్ధతి నేర్పారు. దాని ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అమ్మానాన్నలు బిడ్డ ధ్యాసకు తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము ఏదో ఒకటి చెప్పబోవడమూ పెరిగింది.

రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు చాలు. బిడ్డకు ఆకలి గానీ, నిద్రమత్తు గానీ లేని వేళ చూసుకోండి. టీవీ కట్టేసి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. మిక్సీకి, కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకునే బిడ్డయితే వంట పూర్తయ్యాకే కూర్చోండి. చాప పరిచి మూడు నాలుగు వస్తువులే బయట పెట్టాలి. మిగతావి లోపలివి కనబడే మూత డబ్బాలో ఉంచండి. కావాలంటే మీ దగ్గరికి రావలసిన అవసరం అక్కడ పుడుతుంది. ప్రతి వస్తువూ రెండేసి ఉండాలి, ఒకటి బిడ్డకు, ఒకటి మీకు. ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. బొమ్మకార్లు, స్టీలు గిన్నెలు, ఉప్పు వేయని చపాతీ పిండి, సబ్బు బుడగల సీసా, పాత చున్నీ సరిపోతాయి. మూడేళ్లలోపు పిల్లలకు, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పిల్లలకు శనగలు, రాజ్మా, పూసలు, బెలూన్లు ఇవ్వొద్దు. గొంతుకు అడ్డం పడతాయి.

బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మీ ముఖం కనబడదు. ఎదురుగా కూర్చోండి, అవసరమైతే బోర్లా పడుకోండి. మీ కళ్లు బిడ్డ కళ్ల ఎత్తుకు రావాలి. అలాగని గడ్డం పట్టుకుని ‘ఇటు చూడు’ అనకండి. బలవంతంగా చూపించుకున్న చూపులో మాట్లాడాలన్న కోరిక ఉండదు.

బిడ్డ కార్లను వరసగా పేరుస్తున్నాడనుకుందాం. చాలామంది ఇక్కడే చెడగొడతారు. వరస చెదిపి, ‘కారు ఇలా తోలాలి నాన్నా’ అని చూపిస్తారు, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు, ఆట ముగుస్తుంది. వరస పెట్టడమే ఆ బిడ్డ ఆట, మీరు అందులోకి వెళ్లాలి. మొదట మాట్లాడకుండా ఒక నిమిషం చూడండి. తర్వాత మీ కార్లతో, కాస్త ఎడంగా, మీ వరస మీరు పెట్టుకోండి. బిడ్డ ఓరకంట చూశాడంటే మీ రాక తెలిసిందన్నమాట. రెండు మూడు రోజులు ఇంతే చేయండి. అలవాటయ్యాక బిడ్డ వరస చివర ఒక కారు పెట్టి ‘కారు’ అనండి, అంతే. దాన్ని తోసేస్తే కోప్పడకుండా వెనక్కి తీసుకోండి. ఉండనిస్తే తర్వాతి కారు మీ అరచేతిలో పెట్టుకుని, మనసులో అయిదు నుంచి పది దాకా లెక్కపెడుతూ ఆగండి. చెయ్యి చాచినా, మీ ముఖం వైపు చూసినా, ‘ఊఁ’ అన్నా అది అడగడమే. వెంటనే ‘కారు!’ అంటూ ఇచ్చేయండి. మాట పలికితేనే ఇస్తానని పట్టుబడితే ఆట పరీక్షయిపోతుంది. ఇలా సాఫీగా సాగుతున్నప్పుడే చిన్న మార్పు తెండి. చెప్పుల అట్టపెట్టెకు గుమ్మం కోసి, ఒక కారును లోపలికి పంపండి. అమెరికా పిల్లల మానసిక వైద్యుడు స్టాన్లీ గ్రీన్‌స్పాన్ రూపొందించిన ‘ఫ్లోర్‌టైమ్’ అనే ఆట పద్ధతిలోనూ మొదటి అడుగు బిడ్డ ఇష్టాన్ని అనుసరించడమే.

బొమ్మల మీద ఆసక్తే లేని పిల్లలతో ఒంటితో ఆడే ఆటలు మొదలుపెట్టండి. చున్నీతో దాగుడుమూతలు, కితకితలు, ఉయ్యాల. పదిసార్లు ఒకేలా ఆడి, పదకొండోసారి అసలు ఘట్టానికి ముందు ఆగాలి. ‘ఒకటి... రెండు...’ అని ఉయ్యాల పట్టుకుని ఎదురుచూడండి. బిడ్డ కాళ్లు ఊపడమో, ‘మూ’ అనడమో జరుగుతుంది. బుడగలకూ ఇదే కిటుకు. సీసా మూత గట్టిగా బిగించి బిడ్డ చేతికివ్వండి. తెరవలేక మీ చేతికే తెస్తాడు. బిడ్డ చిరాకుపడేంత సేపు మాత్రం ఆపకండి.

మాటలు తగ్గించడం అన్నిటికన్నా కష్టం. ‘ఇదేంటి? ఏ రంగు? ఎన్ని ఉన్నాయి?’ అన్న ప్రశ్నలు ఆపండి. మాటలు రాని బిడ్డతో ఒక్క మాట, ఒక్క మాట పలికే బిడ్డతో రెండు. బిడ్డ ‘కారు’ అంటే మీరు ‘కారు పోయింది’ అనండి. విన్న మాటనే తిరిగి అనే పిల్లలను ఆపొద్దు. చాలాసార్లు అది జవాబే.

ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు అయ్యేసరికి ‘ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి’ అనే సలహా ఇక్కడ తరచూ వినబడుతుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. మీ నోట తడబాటు లేకుండా, ముద్దుగా వచ్చే భాషలోనే ఆడండి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చిన అమ్మమ్మ తాతయ్యలు బిడ్డతో మాట్లాడగలిగేది కూడా తెలుగులోనే. వాళ్లకు ఒక్క ఆట నేర్పి, ఆగడం ఎక్కడో చూపించండి చాలు.

చేతులు ఆడించడం, గిరగిర తిరగడం దెబ్బ తగలనంత వరకు ఆపకండి, ఒంటిని కుదుటపరచుకునే దారి అది. చెవులు మూసుకుని, ముఖం తిప్పుకుని, మీ చేతిని నెట్టేస్తే ఆ పూటకు ఆట చాలించండి.

మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష ముందే చేయించాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. మాట, వినికిడి విషయాల్లో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు వెళ్లొచ్చు. నేర్చుకున్న మాటలో, చేతలో బిడ్డ పోగొట్టుకుంటున్నా, కదలకుండా శూన్యంలోకి చూస్తూ ఉండిపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. ఆటిజాన్ని ‘నయం’ చేస్తామనే మందులకు, పథ్యాలకు డబ్బు పోయకండి.

వారానికోసారి ఆటను రెండు నిమిషాలు వీడియో తీసి థెరపిస్టుకు చూపించండి. మీరు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎక్కువ మాట్లాడారో అందులో బయటపడుతుంది. ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టే ముందు, బిడ్డ తనంతట తాను ఎన్నిసార్లు మీ దగ్గరికి వచ్చాడో రాసుకోండి. సాధారణంగా ముందు పెరిగేది అదే.