రోజూ తారు రోడ్డు, అప్పుడప్పుడూ పుంత: డెల్టాలో కారుకు టైర్లు ఎలా ఎంచుకోవాలి?

కారు కొనడానికి నెలల తరబడి ఆలోచించేవాళ్లు కూడా, టైర్లు మార్చాల్సి వచ్చేసరికి షాపులో ఏది చూపిస్తే అది వేయించుకుని వచ్చేస్తారు. గోదావరి డెల్టాలో ఉండేవాళ్లు అలా చేస్తే ఇబ్బంది పడతారు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీద ఎనభైలో వచ్చిన బండే, గంట తిరక్కుండా కాలవ గట్టు దిగి పుంతలో (పొలాల మధ్య మట్టి దారిలో) కొబ్బరి తోటకో రొయ్యల చెరువుకో పోవాలి. ఈ రెండు పనులూ నూటికి నూరు పాళ్లు చేసే టైరు ఇంతవరకూ రాలేదు. దేనికోసం దేన్ని ఎంత వదులుకోవాలో ముందు తేల్చుకోవాలి.

1. మీ తిరుగుడు లెక్క వేయండి

నెలలో బండి తిరిగిన దూరంలో తారు ఎంత, మట్టి ఎంత? చాలామంది మట్టి దారిని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారు. అమలాపురంలో ఉంటూ రోజూ కాకినాడ ఆఫీసుకు వెళ్లి, ఆదివారం మాత్రం తోటకు పోయే మనిషికి మట్టి దారి వందలో ఐదు వంతులు కూడా ఉండదు. భీమవరంలో ఇల్లు, మొగల్తూరు వైపు చెరువులు ఉండి, పొద్దునా సాయంత్రం మేత చూసుకోవడానికి వెళ్లే రైతుకు గట్ల మీద తిరుగుడే ఎక్కువ. ఈ ఇద్దరికీ ఒకే టైరు చెప్పడం తప్పు.

దూరంతో పాటు కాలం కూడా చూడండి. ఏప్రిల్లో గట్టు ఎండి గట్టిపడ్డాక ఏ టైరైనా పోతుంది. జూలై నుంచి నవంబరు దాకా, వాన పడిన మర్నాడు కూడా మీరు వెళ్లక తప్పదా? తప్పదంటేనే మట్టి టైరు గురించి ఆలోచించాలి.

2. మీ నేల ఎలాంటిదో చూడండి

టైరు విషయంలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. బురద, ఇసుక, కంకర, మూడింటికీ ఒకటే మందు అనుకుంటారు.

మన డెల్టాలో ఎక్కువ భాగం బంకమన్ను. తడిసిందంటే టైరుకు అంటుకుని వదలదు. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి గాడులన్నీ నిండిపోయి, ఎంత ఖరీదైన టైరైనా గుండు టైరుతో సమానమైపోతుంది. ఆ మట్టిని విదిలించి పారేయాలంటే గాడులు వెడల్పుగా, లోతుగా ఉండాలి, చక్రమూ కాస్త జోరుగా తిరగాలి. మామూలు రోడ్డు టైరు ఈ పని చేయలేదు. తారుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చేలా చేసే ఏటీ (A/T, ఆల్ టెరైన్) టైరు కొంతవరకు చేస్తుంది. బాగా నానిన నల్లమట్టి గట్టు మీద మాత్రం ఏటీ టైరు ఉందన్న ధైర్యంతో దిగొద్దు. గట్టుకు రెండు వైపులా నీళ్లే ఉంటాయి, బండి పక్కకు జారితే పట్టుకునేది ఏదీ ఉండదు.

ఇసుక లెక్క వేరు. కోటిపల్లి రేవులో గానీ, లంకల్లోకి దిగేచోట గానీ, అంతర్వేది, ఓడలరేవు తీరంలో గానీ పెద్ద బటన్లు (రబ్బరు దిమ్మెలు) ఉన్న టైరు మేలు చేయకపోగా తవ్వుకుంటూ కిందకి దిగిపోతుంది. అక్కడ టైరు నేల మీద వెడల్పుగా పరుచుకోవాలి. గాలి తగ్గిస్తే అది మామూలు టైరుతోనూ అవుతుంది.

తారు రోడ్డు కూడా మన దగ్గర అమాయకమైనదేం కాదు. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టరు వదిలిన బురద పెళ్లలు, చేపల లారీల నుంచి కారే నీళ్లు ఉంటాయి. వీటి మీద తొలి జల్లు పడితే బ్రేకు వేయడమే టెన్షన్. రోజూ ఈ దారిన వెళ్లేవాళ్లకు బురదలో దిగబడటం కంటే తడి రోడ్డు మీద బండి ఆగకపోవడమే పెద్ద ప్రమాదం. నేను టైరును మొదట తడి రోడ్డు కోసం, ఆ తర్వాతే మట్టి కోసం చూడమంటాను.

3. రకం తేల్చుకోండి

హెచ్‌టీ అంటే రోడ్డు టైరు. చప్పుడు తక్కువ, మైలేజీ బాగుంటుంది, తడిలో నమ్మకంగా ఆగుతుంది. ఏటీ రెండింటికీ మధ్యస్థం. ఎంటీ బురద కోసమే పుట్టింది. తారు మీద హోరు పెడుతుంది, త్వరగా అరుగుతుంది, తడి రోడ్డు మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి ఎంటీ వద్దు.

మట్టి దారి వందలో పది వంతుల లోపు ఉంటే మంచి హెచ్‌టీ వేయించుకుని, గాలి సంగతి నేర్చుకోండి. పది నుంచి ముప్ఫై దాకా ఉంటే రోడ్డు వైపు మొగ్గిన ఏటీ తీసుకోండి. అంతకు మించితే పూర్తి స్థాయి ఏటీ.

రోడ్డు వైపు మొగ్గిందో లేదో షాపులోనే తెలుస్తుంది. టైరును నిలబెట్టి ఎదురుగా కూర్చుని చూడండి. మధ్యలో దిమ్మెలు దగ్గరదగ్గరగా, దాదాపు ఒక పట్టీలా సాగి, ఒక్కో దిమ్మె మీద బ్లేడుతో గీసినట్టు సన్నని చీలికలు ఉంటే అది తడి రోడ్డును పట్టుకునే రకం. నీటి మీద పట్టు ఇచ్చేవి ఆ చీలికలే. అంచుల్లో మాత్రం దిమ్మెలు విడివిడిగా, ఖాళీలు బయటకు తెరుచుకుని ఉండాలి, మట్టి బయటకు పోయే దారి అది. మధ్యలో కూడా పెద్ద పెద్ద ఖాళీలు, చీలికలు లేని మొద్దు దిమ్మెలు ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

పేరు చూసి మోసపోవద్దు. అపోలో ఆప్టెర్రా, యోకోహామా జియోలాండర్ లాంటి పేర్ల కింద రోడ్డు రకమూ ఉంది, ఏటీ రకమూ ఉంది. పేరు వెనకున్న అక్షరాలు చదవాలి. టైరు మీద ‘ఎం ప్లస్ ఎస్’ (M+S) అని ఉన్నంత మాత్రాన అది బురద టైరు అయిపోదు. గాడుల తీరును బట్టి కంపెనీయే వేసుకునే గుర్తు అది, దానికి విడిగా పరీక్ష ఉండదు.

4. సైజు మార్చాలనిపిస్తే లెక్క చూడండి

టైరు పక్కన 205/65 ఆర్16 95హెచ్ అని ఉందనుకోండి. వెడల్పు 205 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, 16 అంగుళాల రిమ్ము. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుంది. మేత బస్తాలు, కొబ్బరికాయలు వేసుకెళ్లేవాళ్లు ఆ మోత నంబరు కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకుండా చూసుకోవాలి.

గట్ల మీద బండి అడుగు భాగం తగులుతోందని పెద్ద టైరు వేయించేవాళ్లున్నారు. మొత్తం ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదు. పైన చెప్పిన 205/65 బదులు 215/65 వేస్తే చక్రం ఎత్తు దాదాపు 2 శాతం పెరుగుతుంది, ఫర్వాలేదు. 225/65 వేస్తే 4 శాతానికి దగ్గరవుతుంది. మలుపులో టైరు లోపల రాసుకోవచ్చు, స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది.

5. షాపులో తొందరపడొద్దు

టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు చూడండి. 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైందని. ఏడాది దాటిన సరుకైతే వేరేది అడగండి, లేదంటే ధర తగ్గించమనండి.

వీలైతే నాలుగూ ఒకేసారి, ఒకే రకం వేయించండి. రెండే కొనగలిగితే కొత్తవి వెనక్కి వేయించండి. ముందు చక్రాలే బండిని లాగుతాయి కదా అని మెకానిక్ అన్నా సరే. తడి రోడ్డు మీద వెనక భాగం జారితే బండిని అదుపు చేయడం చాలా కష్టం. స్టెప్నీ సన్నగా ఉండే రకమైతే దాని మీద 80 దాటకూడదు, పుంతలో దాన్ని నమ్ముకోకూడదు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఎలాగూ చేయించాలి.

6. గాలితో పని చేయించుకోండి

డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు మీద ఉన్న గాలి తారు రోడ్డుకు. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఇసుకలో దిగేముందు 18 నుంచి 20 పీఎస్ఐ దాకా తగ్గించండి. అంతకంటే దించితే రిమ్ము నుంచి టైరు ఊడే ప్రమాదం ఉంది. నెమ్మదిగా, హఠాత్తుగా స్టీరింగు తిప్పకుండా పోవాలి. మారేడుమిల్లి వైపు రాళ్ల దారిలో మాత్రం ఇంత తగ్గించొద్దు, పక్క గోడ తెగుతుంది. పక్క గోడకు పడిన పంక్చర్‌ను అతికించుకుని తిరగకూడదు, టైరు మార్చాల్సిందే.

తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి కాబట్టి, కారు సాకెట్‌కు పెట్టుకునే చిన్న కంప్రెసరు ఒకటి డిక్కీలో ఉంచుకోండి. ఇసుకలో ఉపయోగపడే మొదటి సామాను టైరు కాదు, ఇదే.

7. ఇంటికొచ్చాక

గాడుల అడుగున చిన్న దిమ్మె ఉంటుంది, దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గ్రిప్పు అంతవరకు అరిగిందంటే చట్టప్రకారం టైరు పని అయిపోయినట్టే. మన వానలకు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం మంచిది.

సముద్రం ఒడ్డున తిరిగొస్తే రిమ్ములు, బ్రేకులు మంచినీళ్లతో కడగండి. గట్టు మీద తిరిగొచ్చాక రిమ్ము లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. అక్కడ బంకమన్ను పేరుకుని ఎండిపోతుంది. మర్నాడు హైవే మీద స్టీరింగు వణికితే షాపుకు పరిగెత్తేముందు ఆ మట్టిని గీకి తీసేయండి. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.