పెళ్లి చేసుకుంటావా అని అడిగే రోజును ఎలా ఏర్పాటు చేయాలి?

మీ ఇద్దరి మధ్య పెళ్లి మాటే ఇంతవరకూ రాకపోతే, ఉంగరం సంగతి పక్కన పెట్టి ఏదో ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఆ మాట మాట్లాడుకోండి. ఏ ఊళ్లో ఉండాలి, ఎవరి ఉద్యోగం ఎటు, పిల్లలు కావాలా, ఇంట్లో ఎప్పుడు చెప్పాలి అన్నవి తేలాక మిగిలేది ఎప్పుడు అడుగుతారు, ఎక్కడ అడుగుతారు అన్నదే. దాచవలసింది అదొక్కటే. జవాబు ఏమొస్తుందో మీకే తెలియకుండా నలుగురి ముందు మోకాలి మీద కూర్చుంటే అవతలి మనిషిని ఇరుకున పెట్టినట్టే.

ఇక్కడ అబ్బాయి అడుగుతున్నట్టు రాశాను. అమ్మాయి అడిగినా ఏర్పాట్లు ఇవే.

మొదట, ఇంట్లో ఎవరికి ఎంత తెలుసో తెలుసుకోండి

మన దగ్గర చాలా జంటలకు అసలు గండం ఇక్కడే ఉంది. నా స్నేహితుడు ఒకడు హోటల్లో కేకు తెప్పించి, పాట పెట్టించి మరీ అడిగాడు. ఆమె సరేనంది, చుట్టూ చప్పట్లు. పక్క బల్ల దగ్గర ఎవరో వీడియో తీసి నెట్‌లో పెట్టారు. రాత్రి భోజనాల వేళకు అది ఆమె పెదనాన్నగారి ఫోనుకు చేరింది, అక్కడి నుంచి ఆమె తండ్రికి. కూతురు ఒకరిని ఇష్టపడుతోందన్న సంగతే ఆయనకు అప్పటిదాకా తెలియదు. పెళ్లి జరిగింది లెండి. కానీ ‘మాకు చెప్పకముందే ఊరికి చెప్పారు’ అన్న మాట ఆయన ఇప్పటికీ మానలేదు.

అందుకని ఒకటి రెండు నెలల ముందే, మామూలు కబుర్ల మధ్య, ‘మీ అమ్మగారికి నా గురించి ఎంతవరకు చెప్పావు?’ అని అడగండి. ఈ ప్రశ్నకు ఎవరూ అనుమానపడరు. ఇంట్లో తెలియదంటే జనం లేని చోటు చూసుకోండి, ఫొటోలు మీ ఇద్దరి దగ్గరే ఉంచుకోండి. తెలుసు, ఒప్పుకున్నారు అంటే వాళ్ల అమ్మగారితో ముందుగా ఒక మాట చెప్పడం బాగుంటుంది. ఇందులోనూ ఆమె మనసు తెలుసుకోవాలి. పెద్దవాళ్ల అనుమతి అడిగాడని కొందరు మురిసిపోతారు, నన్ను అడగకుండా వాళ్లను అడగడమేమిటని కొందరు మండిపడతారు.

తేదీ

ముహూర్తం పెట్టించుకోవాలని నేననను. కానీ రెండిళ్లలో ఎవరికైనా పట్టింపు ఉంటే ఆషాఢం, అమావాస్య తప్పించండి. తర్వాత ఉంగరం ఎప్పుడు తొడిగాడని అడిగినప్పుడు జవాబు సులువవుతుంది. ఆమె పుట్టినరోజు వద్దు. ఆ రోజంతా ఆమె ఫోను మోగుతూనే ఉంటుంది. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుఫాన్ల భయం ఉంటుంది కాబట్టి, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆరుబయట ఏర్పాట్లకు మంచి కాలం.

ఉంగరం

వేలి కొలత దొంగిలించడం ఇందులో సరదా అయిన పని. ఆమె తీసి పెట్టిన ఉంగరం దొరికితే కాగితం మీద పెట్టి లోపలి అంచు వెంట పెన్సిలుతో సున్నా గీయండి. లేదా మీ చిటికెన వేలికి ఎక్కించి, ఎక్కడ ఆగిందో అక్కడ పెన్నుతో గీత పెట్టుకోండి. అది ఆమె ఏ చేతికి, ఏ వేలికి పెట్టుకునేదో గమనించడం మరిచిపోవద్దు. మామూలుగా పనిచేసే చేతి వేళ్లు కాస్త లావుగా ఉంటాయి. మన నగల దుకాణాల లెక్కలో చుట్టుకొలత మిల్లీమీటర్ల నుంచి సుమారుగా 40 తీసేస్తే సైజు వస్తుంది; ఉంగరం లోపలి చుట్టుకొలత 52 అయితే సైజు 12. అనుమానంగా ఉంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి. వదులైనది తొడగవచ్చు, బిగుతైనది వేలి కణుపు దగ్గరే ఆగిపోతుంది. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరాన్ని తర్వాత సైజు మార్చడం కష్టం కాబట్టి రాళ్లు పైవైపు మాత్రమే ఉన్నది మేలు.

వజ్రపుటుంగరాలు ఎక్కువగా 18 క్యారెట్లలో చేస్తారు. లోపలివైపు 750 (వెయ్యి పాళ్లలో బంగారం 750 పాళ్లని) అన్న ముద్ర ఉండాలి. 22 క్యారెట్లయితే 916. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ముద్ర లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ఆ ముద్రను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. అక్షయ తృతీయ నాడు మాత్రం వెళ్లకండి. ఆ రద్దీలో మీ పెన్సిలు సున్నా చూసే తీరిక ఎవరికీ ఉండదు.

చోటు

సినిమాలు చూసి చాలామంది సముద్రంలో సూర్యాస్తమయం కావాలంటారు. మన తీరం తూర్పు తీరం. విశాఖలో సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి దిగిపోతాడు, నీళ్ల మీద కనిపించేది ఉదయం మాత్రమే. కాబట్టి అక్కడ అడగాలనుకుంటే తెల్లవారుజామునే లేవాలి. డిసెంబరు చివర సూర్యోదయం ఆరుంపావు దాటాక, జూన్‌లో అయిదున్నర లోపే. రామకృష్ణా బీచ్‌లో ఆ వేళకే నడకకు వచ్చినవాళ్లు నిండిపోతారు. ఋషికొండ దాటి భీమిలి దారిలోకి వెళితే ఇసుక, అలలు, అక్కడక్కడా వలలు సర్దుకునే జాలర్లు తప్ప ఎవరూ ఉండరు.

హైదరాబాదు వాళ్లకు గోల్కొండ మీద మనసు పోతుంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీది బాలాహిసార్ మండపంలో వినిపిస్తుంది కదా, దాన్నే సంకేతంగా పెట్టుకుంటానని ఒకాయన అన్నాడు. కానీ అక్కడికి వచ్చిన ప్రతివాడూ చప్పట్లు కొడతాడు! ఎవరి సంకేతం ఏదో తేలదు.

చోటు ఏదైనా, ఒక రోజు ముందు అదే వేళకు వెళ్లి నిలబడి చూడండి. వెలుతురు ఎటు నుంచి వస్తోంది, కుక్కలు ఉన్నాయా, బండి ఎక్కడ ఆపాలి అన్నవి అక్కడే తెలుస్తాయి. సూర్యుడు వెనక ఉంటే ఫొటోలో మొహాలు నల్లబడతాయి. ఆమె సముద్రంవైపు తిరిగి నిలబడేలా చూసుకుని, ఫొటో తీసే స్నేహితుణ్ణి పక్కగా, దూరంగా ఉంచండి. డ్రోన్ ఆలోచన ఉంటే వదిలేయండి. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. అక్కడ అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే ఆ ఉదయం పోలీసు స్టేషన్‌లో ముగియవచ్చు.

సాకు

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమెను ఏమని బయలుదేరదీస్తారు? నేను చూసినవాటిలో బాగా పనిచేసిన సాకు సింహాచలం. దర్శనమంటే ఆమె పొద్దున్నే తలస్నానం చేసి మంచి చీరో డ్రెస్సో వేసుకుంటుంది. ‘ముందు కాసేపు సముద్రం చూసి వెళదాం’ అంటే చాలు. అయితే దేవుడి పేరు చెప్పాక ఆ తర్వాత నిజంగానే కొండ ఎక్కాలి. సాకు అబద్ధం కాకుండా పోతుంది.

రహస్యం ఫొటో తీసే ఒక్కరికి తెలిస్తే చాలు. వాట్సాప్ గ్రూపు పెట్టి పదిమందిని చేర్చారంటే, ముందురోజు రాత్రే ఎవరో ఒకరు ఆమెకు శుభాకాంక్షలు పంపేస్తారు.

అడిగే క్షణం

ఉంగరం పెట్టె ప్యాంటు జేబులో ఎత్తుగా కనిపిస్తుంది. పెట్టె బండిలోనే ఉంచి, ఉంగరాన్ని చిన్న గుడ్డ సంచిలో వేసుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. మోకాలి మీద కూర్చోవడం మన అలవాటు కాదు. ఆమెకు ముచ్చటైతే కూర్చోండి, తడి ఇసుకలో ప్యాంటు పాడవుతుందని తెలిసే కూర్చోండి. అలల హోరులో మాట వినబడదు, దగ్గరగా నిలబడాలి.

కవిత్వం బట్టీ పట్టవద్దు. మూడు వాక్యాలు చాలు, అందులో ఒకటి మీ ఇద్దరికే తెలిసిన సంగతి కావాలి. ఒకబ్బాయి ఇలా అడిగాడు: ‘నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నావు. మూడో రాత్రి నీ టిఫిన్ డబ్బాలో పెరుగన్నం నాకు పెట్టి నువ్వు తిన్నానని అబద్ధం చెప్పావు. నన్ను పెళ్లి చేసుకుంటావా?’ అడిగాక నోరు మూసుకుని ఆగండి. కంగారులో మనవాళ్లు వెంటనే ‘ఏమంటావు, ఏమంటావు’ అని తొందరపెడతారు.

‘కాస్త టైమివ్వు’ అంటే ఉంగరం సంచిలో పెట్టేసి, సరేనని, టిఫినుకు తీసుకెళ్లండి. స్నేహితుడికి దూరం నుంచే వెళ్లిపొమ్మని సైగ చేయడానికి ఒక గుర్తు ముందే అనుకుని ఉంచుకోండి, తల గోక్కోవడమైనా సరే.

సరేనంటే, ఫొటోలు చూసుకునే ముందు ఆమె తన ఇంటికి ఫోను చేసుకోనివ్వండి. ఉంగరం వదులుగా ఉంటే అడుగువైపు నాలుగు చుట్లు దారం చుట్టి పెట్టుకోమనండి, మన అమ్మమ్మలు చేసినట్టే. బిల్లు మాత్రం పారేయవద్దు. సైజు తగ్గించడానికి దుకాణంలో దాన్నే అడుగుతారు.