మందు లేని గ్లాసు, 4వ పాఠం: బీరు సంగతి, అంతకంటే ముందు చక్కెర సంగతి

ఈసారి మొత్తం బీరు మీదే పెడదామనుకున్నా. కానీ పోయిన పాఠంలో రెడ్ వైన్ బదులు చెప్పిన టీ-దానిమ్మ గ్లాసు (టీ డికాషన్‌లో దానిమ్మ రసం కలిపింది) చాలామందికి బెడిసికొట్టింది. వచ్చిన మెసేజులన్నీ చదివితే మూడే రకాలు తేలాయి: కషాయంలా ఉంది అని కొందరు, ఫ్రిజ్‌లో పెట్టాక మబ్బుగా అయిపోయింది అని కొందరు, పుల్లగా ఉందని రెండు చెంచాల చక్కెర వేశాం ఇప్పుడు సూపర్‌గా ఉంది అని మిగతావాళ్ళు.

కషాయం అయిందన్నవాళ్ళు ఇంట్లో పాల టీకి వాడే పొడి వేసి మరగబెట్టారు, మన అలవాటు అది. ఆ పొడి సన్నగా ఉంటుంది కాబట్టి వగరంతా ఒక్కసారి దిగిపోతుంది. ఆకు టీ కొనండి, అస్సాంది అయినా నీలగిరిది అయినా పర్లేదు. 300 మి.లీ. నీళ్ళు మరిగించి, స్టవ్ ఆపి, ఒక నిమిషం ఆగి, రెండు చెంచాల ఆకు వేసి నాలుగైదు నిమిషాలకి వడకట్టేయండి. పిండొద్దు. మబ్బుగా అయిందన్నవాళ్ళు వేడివేడి టీ తీసుకెళ్ళి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టారు. టీలో వగరు పదార్థాలూ కెఫీనూ చల్లబడేటప్పుడు ఒకదానికొకటి అంటుకుని అలా కనిపిస్తాయి, పాడైనట్టు కాదు. ముందు బయటే చల్లారనివ్వండి, అయినా మబ్బు పడితే కొంచెం వేడినీళ్ళు కలిపితే తేటపడుతుంది. ఇక్కడితో ఇవి రెండూ అయిపోయాయి.

ఇక చక్కెర. వేసినవాళ్ళ మీద నాకేం కోపం లేదు, కానీ ఈ పాఠాలన్నిట్లో మనిషిని మళ్ళీ వైన్స్ దాకా నడిపించేది ఈ ఒక్క పనే. అందుకే కాస్త ఎక్కువసేపు చెప్తా, ఓపిక పట్టండి.

ముందు లెక్క చూడండి. డ్రై వైన్ అనేదాంట్లో లీటరుకి చక్కెర మామూలుగా 4 గ్రాముల లోపే ఉంటుంది, అంటే 150 మి.లీ. గ్లాసులో అర గ్రాము చిల్లర. అదే గ్లాసు నిండా ద్రాక్ష జ్యూస్ పోస్తే, 100 మి.లీ.కి 15 గ్రాములు వేసుకున్నా 22 గ్రాములు దాటుతుంది, అంటే ఐదు చెంచాల పైమాటే. డబ్బా మీద అదనపు చక్కెర లేదు అని పెద్ద అక్షరాలతో రాసినా ఇంతే, ఎందుకంటే ఆ చక్కెర ద్రాక్షలోనే ఉంది. వైన్ చేసేటప్పుడు ఈస్ట్ ఆ తీపిని తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. కాబట్టి ద్రాక్ష జ్యూస్‌ని వైన్ గ్లాసులో పోసినంత మాత్రాన అది వైన్‌కి బదులు కాదు, అది వైన్ మొదలవ్వకముందున్న సరుకు. తమాషా ఏంటంటే ఫంక్షన్లలో తాగనివాళ్ళకి ఇచ్చేది ఎప్పుడూ ఇదే, లేకపోతే నీలం రంగు సిరప్ పోసిన మాక్‌టెయిల్.

దీనివల్ల జరిగేది ఇది. సిట్టింగ్‌లో కూర్చున్నారు, పక్కవాళ్ళు మొదటి పెగ్గు అరగంట పట్టుకుని కూర్చుంటారు. మీ చేతిలో చల్లగా తియ్యగా ఉంది కాబట్టి రెండు గుటకల్లో గ్లాసు ఖాళీ. ఇంకోటి పోస్తారు, అదీ ఖాళీ. మూడోదానికి కడుపు బరువెక్కి నోరంతా జిగటగా అయిపోయి, ముందున్న చికెన్ పకోడి కూడా ఎక్కదు, ఇంక ఆకలీ లేదు మజా లేదు. అప్పుడు ఎవరో ఒకరు, ఇదేంట్రా చిన్నపిల్లాడిలా, ఒక్క పెగ్గు వేసుకోరా అంటే, నిజమే కదా అనిపిస్తుంది. మానేయాలన్న పట్టుదల లేక కాదు, చేతిలో ఉన్నది ఆ సాయంత్రానికి సరిపోలేదు, అంతే.

మందు మెల్లగా తాగేది ఎందుకు? నోట్లో చిన్న మంట, గొంతులో వెచ్చదనం, చేదో వగరో ఏదో ఒకటి అడ్డుపడుతుంది కాబట్టి. ఆ అడ్డు మనం వేరే దారిలో తెచ్చుకోవాలి: పులుపు, వగరు, చేదు, ఘాటు, కొంచెం ఉప్పు. తీపి ఒక్కటే ఆ అడ్డుని తీసేస్తుంది. కాకరకాయ వేపుడూ చింతకాయ పచ్చడీ ఇష్టంగా తినే నాలుక మనది, గ్లాసులో చేదు పనికిరాదు అని మనకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. నా కొలత ఒక్కటే, ఒక గ్లాసుతో అరగంట కూర్చోగలగాలి. కూర్చోలేకపోతే అది జ్యూసు, జ్యూసు తప్పు కాదు, కానీ ఈ పనికి రాదు.

కాబట్టి పుల్లగా ఉంటే చక్కెర డబ్బా దగ్గరికి వెళ్ళకండి. చిటికెడు ఉప్పు వేయండి, పులుపు కోసుకుపోవడం తగ్గుతుంది. ఇంకా ఉంటే టీ డికాషన్ కొంచెం పెంచండి, లేదా ఐసు ఇంకో ముక్క. ఇవన్నీ అయ్యాక కూడా తీపి కావాలనిపిస్తే దానిమ్మ రసమే ఒక చెంచా పోయండి. అక్కడ ఆగండి.

సరే, బీరు. సీసా కొనేవాళ్ళు వెనక లేబుల్ తిప్పండి. మన దగ్గర నాన్ ఆల్కహాలిక్ బీరు అని అమ్మేవాటిలో కొన్ని పీచ్, స్ట్రాబెర్రీ ఫ్లేవర్ వేసిన తియ్యటి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) డ్రింకులు. పదార్థాల్లో హాప్స్ అనే పువ్వు ఉందా చూడండి, చేదు దాన్నుంచే వస్తుంది. 100 మి.లీ.కి చక్కెర 3 గ్రాములు దాటితే నేను పక్కన పెట్టేస్తా. 2017లో వచ్చిన హైనెకెన్ 0.0, తర్వాత బడ్వైజర్ 0.0 లాంటివి మామూలు లాగర్ (మన దగ్గర ఎక్కువగా దొరికే తేలికపాటి బీరు) దారిలోనే ఉంటాయి, మొదటిసారి కొనేవాళ్ళు అక్కడ మొదలుపెట్టొచ్చు. కొన్ని కంపెనీలు బీరు పూర్తిగా పులియనిచ్చి తర్వాత ఆల్కహాల్ తీసేస్తాయి, ఒత్తిడి తగ్గిస్తే తక్కువ వేడికే అది ఆవిరైపోతుంది కాబట్టి రుచి మరీ ఉడికిపోదు. కొన్ని పులియడాన్నే మధ్యలో ఆపేస్తాయి, వాటిలో పచ్చి మాల్ట్ తీపి మిగిలిపోతుంది. నాకు మొదటి రకమే నచ్చుతుంది.

0.0 వేరు, నాన్ ఆల్కహాలిక్ వేరు. 0.0 అంటే ఆల్కహాల్ లేనట్టే లెక్క, నాన్ ఆల్కహాలిక్ అంటే కొంచెం ఉండొచ్చు. మన దేశంలో 2018 నాటి ఫుడ్ సేఫ్టీ నిబంధనల ప్రకారం 0.5% దాటితేనే అది ఆల్కహాలిక్ పానీయం. జర్మనీలో ఆల్కహాల్ లేదు అని రాసిన బీరులో కూడా 0.5% దాకా ఉండొచ్చు. గర్భిణులు, మతం వల్ల ముట్టనివాళ్ళు, అసలు చుక్క కూడా వద్దనుకున్నవాళ్ళు 0.0 అని రాసింది మాత్రమే తీసుకోండి. కష్టపడి మానేసినవాళ్ళకి ఇంకో మాట: బీరు వాసనే పాత కోరికని లేపుతుందనిపిస్తే ఈ సీసాల జోలికి పోవద్దు, కింద చెప్పే బార్లీ గ్లాసుకి వెళ్ళిపోండి. రోజూ గట్టిగా తాగేవాళ్ళు మాత్రం ఈ పాఠం చూసి ఒక్కసారిగా ఆపేయకండి, వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు, ముందు డాక్టర్‌ని కలవండి.

బార్లీ గ్లాసు: మూడు చెంచాల బార్లీ గింజల్ని మూకుడులో సన్నమంట మీద కాఫీ గింజ రంగుకి కాస్త ముందు దాకా వేయించండి. చిటపటలాడటం తగ్గి, మాడుకీ కమ్మదనానికీ మధ్య వాసన వస్తుంది, అప్పుడు దింపేయాలి. అర లీటరు నీళ్ళలో పదిహేను నిమిషాలు మరిగించి వడకట్టి చల్లార్చండి. జపాన్‌లో కొరియాలో వేయించిన బార్లీ నీళ్ళు రోజూ తాగుతారు, కొత్త సంగతేం కాదు. సగం ఇది, సగం బాగా చల్లటి సోడా, చిటికెడు ఉప్పు, దబ్బకాయ తొక్క ఒక పొడుగు ముక్క గ్లాసు పైన మెలితిప్పి అందులోనే పడేయండి. తొక్క మెలితిప్పినప్పుడు సన్నటి నూనె చిమ్ముతుంది, చేదూ వాసనా అక్కడివే. దబ్బకాయ దొరక్కపోతే నారింజ. గోధుమ గ్లూటెన్ పడనివాళ్ళకి బార్లీ కూడా పడదు, గుర్తుపెట్టుకోండి.

కాక్‌టెయిల్ వచ్చే పాఠంలో, కానీ ఇప్పుడే బిట్టర్స్ (కాక్‌టెయిల్‌లో చుక్కల లెక్కన వేసే చేదు ద్రవం) కొనేస్తున్నవాళ్ళు ఆగండి, వాటిలో పేరున్న అంగొస్టురా సీసాలో 44.7% ఆల్కహాల్ ఉంటుంది. గ్లాసుకి రెండు చుక్కలే అయినా చుక్క వద్దనుకున్నవాళ్ళకి అది లెక్కే. ఇంట్లో కొంబుచా (పులియబెట్టిన టీ) చేసేవాళ్ళూ చూసుకోండి, సీసాలో పులవడం ఆగదు, దాంతో ఆల్కహాల్ కూడా పుడుతుంది. తాటి నీరా కూడా అంతే, చల్లగా ఉన్నంతసేపే నీరా, బయట పెడితే గంటల్లో కల్లు దారి పడుతుంది.

సాధన ఈసారి కొంచెం కష్టం. శనివారం సాయంత్రం నాలుగు గ్లాసులు పెట్టండి, నాలుగింట్లోనూ సోడా నిమ్మరసం సమానంగా. మొదటిది అలాగే వదిలేయండి, రెండోదాంట్లో ఉప్పు, మూడోదాంట్లో టీ డికాషన్ రెండు చెంచాలు, నాలుగోదాంట్లో దంచిన అల్లం రసం పావు చెంచా. ఎక్కడా చక్కెర లేదు. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి ఏది ఏదో చెప్పకుండా ఇవ్వండి, ఏ గ్లాసు ఎంతసేపటికి ఖాళీ అయిందో టైమ్ రాసుకోండి. ఆదివారం ఇదే మళ్ళీ మిర్చి బజ్జీతో చేయండి, ఖాళీ అయ్యే వరుస మారుతుందో లేదో చూడండి. రెండు రోజుల కాగితాలూ దాచుకోండి, మీకు ఏ రుచి అడ్డుపడుతుందో అందులోనే ఉంటుంది, కాక్‌టెయిల్ పాఠం దాన్ని బట్టే నడుస్తుంది.

దానికి కావాల్సినవి: ధనియాలు, యాలకులు, మిరియాలు, నిమ్మకాయలు, రెండు టానిక్ వాటర్ డబ్బాలు. చాలా జిన్‌లలో జూనిపర్ (జిన్‌కి ఆ వాసన ఇచ్చే కాయ) తర్వాత పడేది ధనియాలే కాబట్టి అవి మాత్రం ఈ ఏడాది సరుకు చూసి తెచ్చుకోండి.