సొంత ఊళ్లోనే సెలవులా? ముందు ఇవి చూసుకోండి

సెలవులు దగ్గరపడుతున్నాయి. ఊరు దాటకుండా, తక్కువ ఖర్చుతో రెండు రోజులు సేదదీరాలనుకునేవారికి ఈ జాగ్రత్తలు.

– డబ్బు కట్టే ముందే హోటల్‌కు ఫోన్ చేసి, స్థానిక చిరునామా ఉన్నవారికి గది ఇస్తారో లేదో అడగండి. కొన్ని హోటళ్లు ఇవ్వవు. గుర్తింపు కార్డు చూశాక కాదన్నారంటే, రద్దుకు వీలులేని బుకింగ్‌లో కట్టిన సొమ్ము వెనక్కి రావడం కష్టం. సరేనంటే ఆ మాట మెయిల్‌లో రాయించుకోండి.

– మొదట కనిపించే ధరను నమ్మవద్దు. పన్నులు, అదనపు రుసుములు తరచూ చివర్లో కలుస్తాయి.

– వ్యాపార పనుల మీద వచ్చేవారు దిగే హోటళ్లలో వారాంతాల్లో ధర తగ్గుతుంటుంది. రిసార్టుల్లో సాధారణంగా దీనికి తలకిందులు. తేదీలు అటూ ఇటూ మార్చి చూడండి.

– గది మధ్యాహ్నం 2, 3 గంటలకు ఇచ్చి, మర్నాడు 11, 12కల్లా ఖాళీ చేయమంటారు. ఉదయమే వెళితే సామాను పెట్టుకుని ఈతకొలను వాడుకోనిస్తారేమో కనుక్కోండి. అడిగితే పోయేదేమీ లేదు.

– చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు.

– ఇంట్లోనే గడిపేవారు బట్టలు, బిల్లుల పని ముందురోజే ముగించండి. నా సెలవులు సగం అల్మరా సర్దడంలోనే పోయాయి.

– ఆఫీసులో ‘అందుబాటులో ఉండను’ అనండి, చాలు. ఊళ్లోనే ఉన్నారని తెలిస్తే ఏదో ఒక ‘చిన్న పని’ వెతుక్కుంటూ వస్తుంది.